పెళ్లిళ్ల సీజన్‌లో డ్రోన్ తీసే ముందు: "పర్మిషన్ ఉందిలే" అన్న మాట నమ్మకండి

పోయిన నెల శంషాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్‌లో పెళ్లి. తలంబ్రాల టైముకు పైనుంచి ఒక షాట్ కావాలని పెళ్లికొడుకు మేనమామ పట్టుబట్టాడు. "పర్మిషన్ సంగతి మేం చూసుకున్నాం తమ్ముడూ, నువ్వు ఎగరెయ్" అన్నాడు. మాతో పనిచేసే కుర్రాడు ఎగరేశాడు. గాల్లో ఉన్నది నాలుగే నిమిషాలు. ఆ రాత్రంతా స్టేషన్ బెంచీ మీద కూర్చున్నది మాత్రం వాడొక్కడే. మేనమామ ఫోన్ ఎత్తలేదు. డ్రోన్, రిమోట్, బ్యాటరీలు, మెమరీ కార్డు అన్నీ జప్తు చేశారు. ముందురోజు తీసిన సంగీత్ షాట్లు కూడా ఆ కార్డులోనే ఉండిపోయాయి.

పెళ్లిళ్లకు వీడియోలు తీసే ఈ పనిలో పదిహేనేళ్లుగా ఉన్నాను. బ్యాటరీ చార్జింగ్ గురించి, గాలి గురించి, కరెంటు తీగల గురించి మీకు చెప్పక్కర్లేదు. నా కళ్లముందు కుర్రాళ్లను ముంచింది అవేవీ కావు. పర్మిషన్ ఉందని ఇంకొకరు చెప్పిన మాట నమ్మి ఎగరేయడం, అదొక్కటే.

ఆ మాట ఎవరెవరు అంటారో చూడండి. పెళ్లివారు అంటారు. ఈవెంట్ వాళ్లు అంటారు. ఫంక్షన్ హాల్ మేనేజర్ "ఇక్కడ రోజూ ఎగరేస్తారు సార్" అంటాడు. పని అప్పజెప్పిన స్టూడియో ఓనర్ కూడా అంటాడు. వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. చాలామంది హాల్‌లో మైకు పెట్టుకోవడానికి తీసుకున్న పర్మిషనే డ్రోన్‌కూ సరిపోతుందనుకుంటారు. సరిపోదు. పోలీసులు ముందుగా పట్టుకునేది రిమోట్ చేతిలో ఉన్నవాణ్ణి. అందుకే కాగితం అడగండి. దాని మీద ఆ తేదీ, ఆ స్థలం, మీ డ్రోన్ నంబరు ఉన్నాయా చూడండి. వీటిలో ఏది లేకపోయినా అది మీకు పర్మిషన్ కాదు.

ఇక మ్యాప్. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాప్‌లో దేశమంతా గ్రీన్, ఎల్లో (విమాన ట్రాఫిక్ చూసే ఏటీసీ అనుమతి కావాలి), రెడ్ (కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు) జోన్లుగా ఉంటుంది. గ్రీన్‌లో 400 అడుగుల వరకు ఎగరేయవచ్చు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ ఎత్తు 200 అడుగులే. 8 కిలోమీటర్ల లోపలికి వచ్చారంటే అసలు గ్రీన్ అన్నదే లేదు. శంషాబాద్ చుట్టూ ఉన్న ఫామ్‌హౌస్‌లు, కన్వెన్షన్ సెంటర్లు ఎన్ని ఈ లెక్కలోకి వస్తాయో మీరే చూసుకోండి. శంషాబాద్ ఒక్కటే కాదు, బేగంపేట విమానాశ్రయం, హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ స్థావరాలు ఉన్నాయి. కంటోన్మెంట్ ఉంది. విశాఖలో అయితే నేవీ వాళ్ల స్థలాలున్నాయి. బుకింగ్ రోజు మ్యాప్ చూసి ఊరుకోకండి. ఎగరేసే రోజు పొద్దున మళ్లీ చూడండి. రాష్ట్ర ప్రభుత్వం గానీ పోలీసులు గానీ ఒక చోటును తాత్కాలికంగా రెడ్ జోన్ చేయవచ్చు. పెళ్లికి మంత్రిగారు వస్తున్నారంటే అది జరగడానికి అవకాశం ఎక్కువ. "మంత్రిగారే వస్తుంటే మనల్ని ఎవరడుగుతారు" అని పెళ్లివారు ధైర్యం చెబుతారు. అసలు భయపడాల్సింది ఆ రోజే.

శిక్షల గురించి మనవాళ్లలో ఒక తప్పు లెక్క ఉంది: "మహా అయితే ఫైన్ కడతాం." 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం జరిమానా లక్ష రూపాయల వరకు ఉంటుంది, నిజమే. కానీ కేసు అక్కడితో ఆగాలని లేదు. పోలీస్ కమిషనర్ డ్రోన్లు నిషేధిస్తూ ఇచ్చిన ఉత్తర్వును మీరితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 223 కింద 6 నెలల వరకు, ప్రాణాలకు ముప్పు కలిగితే ఏడాది వరకు జైలు. డ్రోన్ ఎవరి మీదైనా పడి తీవ్రంగా గాయపడితే 125 కింద 3 ఏళ్ల వరకు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106 కింద 5 ఏళ్ల వరకు. ఏకాంతంలో ఉన్న ఆడవాళ్లను తీస్తే 77 కింద మొదటిసారికే ఏడాది నుంచి 3 ఏళ్లు. 1934 నాటి విమానాల చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. ప్రమాదం కలిగేలా ఎగరేయడం అందులో 2 ఏళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా వరకు వెళ్లే నేరం. చట్టం దృష్టిలో డ్రోన్ కూడా విమానమే.

శిక్ష పడేదాకా వెళ్లకపోయినా నష్టం మొదటి రోజే జరిగిపోతుంది. 2020 మార్చిలో జన్వాడ ఫామ్‌హౌస్ మీద డ్రోన్ ఎగరేయించారన్న ఆరోపణతో అప్పటి ఎంపీ రేవంత్ రెడ్డిని అరెస్టు చేశారు. చర్లపల్లి జైల్లో కొన్ని రోజులు ఉన్నాకే బెయిల్ వచ్చింది. తర్వాత ఎప్పటికో హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఎంపీకే అన్ని రోజులు పట్టింది. మీ డ్రోన్ కోర్టు నుంచి తిరిగి రావాలంటే పిటిషన్ వేయాలి, లాయర్ ఫీజు కట్టాలి, వాయిదాలకు తిరగాలి. ఈలోగా సీజన్ అయిపోతుంది.

ఇంకొన్ని:

"250 గ్రాముల లోపే కదా" అనకండి. బరువు తక్కువైతే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, అంతే. రెడ్ జోన్ దానికీ రెడ్ జోనే.

250 గ్రాములు దాటితే డబ్బులు తీసుకుని చేసే పనికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా ఉండాలి.

దుబాయ్ నుంచి బావగారు బ్యాగులో తెచ్చిన డ్రోన్‌తో పెళ్లికి వెళ్లకండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది.

తిరుమల కొండ మీద తీయకండి. ఎవరు చెప్పినా తీయకండి.

బరాత్‌లో జనం తలల మీద ఎగరేయకండి. టపాసులు కాలుతుంటే అసలు వద్దు. ప్రొపెల్లర్ తగిలి పిల్లవాడి కనుబొమ తెగడం చూశాను.

పక్కింటి డాబా వైపు కెమెరా తిప్పకండి.

రిమోట్ పెళ్లివారి పిల్లల చేతికి ఇవ్వకండి. మీ అసిస్టెంట్‌కు సర్టిఫికెట్ లేకపోతే వాడికీ ఇవ్వకండి.

పోలీసులు వచ్చి దింపమంటే వెంటనే దింపండి. వాదించకండి. వీడియో చెరిపేయకండి, సాక్ష్యం మాయం చేశారని ఇంకో కేసు అవుతుంది. జప్తు చేసిన వస్తువులకు రాతపూర్వకంగా కాగితం తీసుకోండి.

పెళ్లి షాట్లున్న కార్డు డ్రోన్‌లో ఉంచకండి. ఒక్కో ఫంక్షన్‌కు ఒక్కో కార్డు.

అడ్వాన్సు తీసుకునే రోజే చెప్పండి: రాతపూర్వక పర్మిషన్ లేకపోతే డ్రోన్ షాట్ ఉండదు, దాని డబ్బు తగ్గించుకోండి అని. బిల్లు మీద కూడా రాయండి. పీటల దగ్గర నిలబడి గొడవపడేకన్నా అప్పుడు చెప్పడం తేలిక.

మేనమామ అరుస్తాడు. అరవనివ్వండి.

కాగితం చేతికి వచ్చేదాకా డ్రోన్ బ్యాగు కారు డిక్కీలోంచి తీయకండి.