యూరిన్ రిపోర్టు క్లీన్, పొత్తికడుపు నొప్పి మాత్రం పోదు: ఎక్కడ చూసుకోవాలి, ఏం చేయాలి

మూత్రంలో మంట అంటే మా భీమవరం, పాలకొల్లు వైపు ముందు వినిపించే మాట "వేడి చేసిందమ్మా, బొండం తాగు". బొండాలయ్యాక బార్లీ నీళ్లు, అవీ అయ్యాక మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్. నేను ఫిజియోథెరపీ చేస్తాను. నా దాకా వచ్చేసరికి చాలామంది సంచీలో కల్చర్ రిపోర్టుల కట్ట ఉంటుంది, అన్నిటిలోనూ 'నో గ్రోత్' అనే, అంటే మూత్రంలో క్రిమి పెరగలేదనే ఉంటుంది.

బ్లాడర్ (మూత్రాశయం) నిండుతుంటే నొప్పి, వెళ్లొస్తే కాసేపు హాయి, రిపోర్టులో ఏమీ లేదు

ఇన్ఫెక్షన్ లేకుండా ఆరు వారాలు దాటి ఇలా ఉంటే బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అని అనుమానిస్తారు, పాత పేరు ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్. క్రిమి లేనప్పుడు యాంటీబయాటిక్ దేనిమీద పనిచేస్తుంది? సొంతంగా కోర్సులు వాడటం ఆపి ఒకసారి యూరాలజిస్టుకి చూపించుకోండి. రాళ్లు, ప్రోస్టేట్, గర్భసంచి సమస్యలు లేవని తేలాలి. మూత్రంలో రక్తం, చలిజ్వరం, మూత్రం పూర్తిగా బిగిసిపోవడం, కాళ్లలో కొత్తగా తిమ్మిరి, వీటిలో ఏది కనిపించినా కింద రాసినవన్నీ పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కూర్చున్నాక ధార వెంటనే రాదు, మలబద్ధకం, కలయికలో నొప్పి, బండి మీద కూర్చోలేకపోవడం

ఇవి తోడైతే నేను ముందు చూసేది పెల్విక్ ఫ్లోర్ కండరాలనే. తుంటి ఎముకల మధ్య అడుగున పరుచుకుని బ్లాడర్‌ని, పెద్దపేగు చివరని మోసే కండరాలివి. నెలల తరబడి నొప్పిని ఓర్చుకుంటూ, మూత్రం ఆపుకుంటూ ఉంటే ఇవి తెలియకుండానే బిగుసుకుపోతాయి. కాలవ మీద లాకు తలుపు తుప్పుపట్టి సగంలో ఇరుక్కుపోయినట్టు, పూర్తిగా తెరుచుకోవు, పూర్తిగా మూసుకోవు. అప్పుడు నొప్పి బ్లాడర్‌దా, కండరానిదా అన్నది మనిషికే తెలియదు.

రొయ్యల షెడ్డులో పనిచేసే ఒకావిడ వచ్చింది. రోజంతా నిలబడి ఒలవడం, బాత్రూమ్ దూరం, అందుకని నీళ్లే తాగదు. బల్ల మీద పడుకోబెట్టి చూస్తే భుజాలు చెవుల దగ్గరికి వచ్చేసి ఉన్నాయి, ఊపిరి రొమ్ము దాటి కిందికి దిగట్లేదు, తొడ లోపలి వైపు వేలు ఆనించగానే "అదేనండీ, ఆ నొప్పే" అంది. ఎక్కడో తొడ మీద నొక్కితే బ్లాడర్‌లో నొప్పి పుట్టిందంటే కండరంలో ముడి ఉందన్నమాట.

దీనికి చేసేది మయోఫేషియల్ ఫిజియోథెరపీ: పొట్ట, తొడలు, పిరుదుల్లోనూ, అవసరమైతే గ్లౌజు వేసుకున్న వేలితో లోపలి నుంచీ ఆ ముడుల్ని నెమ్మదిగా వదులు చేస్తారు. లోపలి పరీక్ష మీరు ఒప్పుకుంటేనే. లేడీ థెరపిస్టు కావాలని, ఇంట్లోవాళ్లు పక్కన ఉండాలని అడగడానికి మొహమాటపడొద్దు. 2012లో వెలువడిన, ఉత్తర అమెరికాలో 81 మంది ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలో ఈ పద్ధతితో 59 శాతం మందికి మెరుగైంది, మామూలు మసాజ్ చేయించుకున్నవాళ్లలో 26 శాతం మందికే.

ఇక్కడొక జాగ్రత్త. యూట్యూబ్ చూసి కీగల్ (అడుగు కండరాన్ని బిగించి వదిలే) ఎక్సర్‌సైజులు మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. మూత్రం లీకయ్యేవాళ్లకి అవి మంచివే, కానీ ఇప్పటికే బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగించడం వల్ల నొప్పి పెరుగుతుంది, ఆపేయండి. దాని బదులు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ముక్కుతో ఊపిరి పొట్టలోకి దించండి, దిగుతున్నప్పుడు అడుగు కండరం కూడా కిందికి జారనివ్వండి. ఊపిరి వదలడం పీల్చినదానికంటే నిదానంగా. పొద్దున్న, రాత్రి ఐదేసి నిమిషాలు. బాలాసనం (మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగి నుదురు నేలకి ఆనించే ఆసనం) పడుతుంది, వేడినీళ్ల బ్యాగు చాలామందికి పడుతుంది, కొందరికి చల్లదనమే హాయి. విరేచనానికి ముక్కడం మానాలి, వెస్ట్రన్ కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకోండి.

గంటకి రెండుసార్లు పరుగు, బస్సెక్కాలంటే భయం

అమలాపురం నుంచి కాకినాడ వెళ్లాలన్నా ముందు బాత్రూమ్, దిగగానే బాత్రూమ్, దారిలో ఎక్కడుందో అన్న ఆలోచన. కొంచెం నిండగానే ఖాళీ చేసే అలవాటుకి బ్లాడర్, నరాలు రెండూ అలాగే తయారవుతాయి. మూడు రోజులు ఎప్పుడు వెళ్లారో, ఎంత వచ్చిందో రాసుకోండి. మామూలుగా 40 నిమిషాలకి వెళ్తుంటే 50 చేయండి, అది కుదిరాక వారానికో పది, పదిహేను నిమిషాలు పెంచండి. నొప్పి తీవ్రంగా ఉన్న రోజు పంతం పట్టొద్దు. నీళ్లు మానేయడం మాత్రం తప్పు, చిక్కబడ్డ మూత్రం ఇంకా మండిస్తుంది.

చేపల పులుసు తిన్న రోజు నరకం

పులుపు, కారం, టమాటా, కాఫీ, టీ, కూల్‌డ్రింకులు కొందరికి పడవు, అందరికీ కాదు. అన్నీ ఒకేసారి మానేసి చప్పిడి కూడు తినక్కర్లేదు. కొన్నాళ్లు ఆపి ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టి చూడండి. పులస సీజన్లో ఈ మాట చెప్తే నామీద కోపం వస్తుందని తెలుసు.

టెన్షన్ పడితే నొప్పి రెట్టింపు, ఇంట్లోవాళ్లేమో "అంతా నీ మనసులోనే" అంటారు

నొప్పి నిజం. ఏళ్లతరబడి నొప్పి కబురు మోసిన నరాలు చిన్నదానికే పెద్దగా స్పందిస్తాయి, దిగులు, నిద్రలేమి దాన్ని ఇంకా పెంచుతాయి. అందుకే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లమనేది, పిచ్చి అని కాదు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో "మధ్యలో వస్తే పరువు పోతుంది" లాంటి ఆలోచనని పట్టుకుని, ముందు పక్కూరికి, తర్వాత కొంచెం దూరానికి ప్రయాణం చేయిస్తూ భయాన్ని తగ్గిస్తారు. మైండ్‌ఫుల్‌నెస్ (ఊపిరి మీద, ఒంటి మీద ధ్యాస నిలిపే సాధన) కూడా కొందరికి ఉపయోగపడుతుంది. నా మటుకు నాకు ఇవి ఒంటరిగా కంటే ఫిజియోతో కలిపి చేసినప్పుడే తేడా కనిపించింది. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేమీ తీసుకోరు. భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక్కసారైనా కౌన్సెలింగ్‌కి రావడం మంచిది, కలయికలో నొప్పి గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తరు కాబట్టి.

రాజమండ్రో, కాకినాడో వెళ్లేముందు ఫోన్‌లో ఒక్క ప్రశ్న అడగండి: "పెల్విక్ ఫ్లోర్ వదులు చేసే ట్రీట్‌మెంట్ మీరు చేస్తారా?" "ఎక్సర్‌సైజులు నేర్పుతాం, కీగల్ చేస్తే చాలు" అంటే ఇంకొకరిని చూసుకోండి. రెండు సిట్టింగులకి తగ్గలేదని మానేయొద్దు, పైన చెప్పిన 81 మంది పరీక్షలో గంటేసి చొప్పున పది సిట్టింగుల వరకు ఇచ్చారు.