భుజం నొప్పి ఉంటే ఈ తెడ్డు చూడండి

స్టాండప్ ప్యాడిల్ బోర్డు (నీటి మీద నిలబడి తెడ్డుతో నడిపే పలక) మీద అరగంట తెడ్డు వేసేసరికి నాకు భుజం పట్టేసేది. 100 చదరపు అంగుళాల బ్లేడ్ (నీటిని తోసే వెడల్పాటి భాగం) ఉన్న తెడ్డు పక్కన పెట్టి, 85 ఉన్నది తీసుకున్నాక చాలా తేలికైంది. చిన్న బ్లేడ్ తెడ్డు వేసిన ప్రతిసారీ తక్కువ నీటిని తోస్తుంది కాబట్టి భుజం మీద లాగుడు తక్కువ. కాస్త ఎక్కువసార్లు వేయాలి, అంతే.

పొడవు ఇంకా ముఖ్యం. పొడవు మార్చుకునే రకమే కొనండి. మీ ఎత్తుకు 8 అంగుళాలు కలిపి మొదలుపెట్టి, ఒక్కో అంగుళం తగ్గిస్తూ పది నిమిషాలు వేసి చూడండి. బ్లేడ్ పూర్తిగా మునిగినప్పుడు పై చెయ్యి కళ్ల ఎత్తు దాటకూడదు. నడుం వంగుతోందంటే మరీ పొట్టి చేసినట్టే, ఒక అంగుళం పెంచండి.

కర్ర అల్యూమినియం కన్నా ఫైబర్‌గ్లాస్ అయితే మంచిది. తేలిక, పైగా కొంచెం వంగుతుంది కాబట్టి కుదుపు భుజానికి అంతగా తెలియదు.

ఎదురుగాలి గట్టిగా ఉన్న రోజు మాత్రం చిన్న బ్లేడ్‌తో ముందుకు కదలడం కష్టం. అలాంటప్పుడు ఒడ్డు వదిలి దూరం వెళ్లకండి.