ఎన్‌డీఐఎస్ డబ్బులు ప్లాన్ మేనేజర్ చేతికిచ్చాక కూడా మనం చూసుకోవాల్సినవి

ఆస్ట్రేలియాలో ఎన్‌డీఐఎస్ (వైకల్యం ఉన్నవాళ్ళకి కావాల్సిన సాయానికి ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) అప్రూవ్ అయిందనగానే హమ్మయ్య అనుకుంటాం, తర్వాత ప్లాన్ తెరిస్తే కోర్, కెపాసిటీ బిల్డింగ్, క్యాపిటల్ అని రకరకాల బడ్జెట్లు, ఒక్క ముక్క బుర్రకెక్కదు. మా అబ్బాయి మొదటి ప్లాన్ వచ్చినప్పుడు నేనైతే భయమేసి రెండు వారాలు దాని జోలికే పోలేదు.

ముందు తేల్చుకోవాల్సింది బిల్లులు ఎవరు కడతారన్నది. సెల్ఫ్ మేనేజ్ అంటే క్లెయిమ్ చేయడం, రసీదులు దాచడం అంతా మన పనే. ఏజెన్సీ మేనేజ్ అంటే ఈ పథకం నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌డీఐఏనే నేరుగా కట్టేస్తుంది కానీ రిజిస్టర్ అయిన ప్రొవైడర్ల దగ్గరికే వెళ్ళాలి. ప్లాన్ మేనేజర్ ఈ రెండిటికీ మధ్య, బిల్లులు వాళ్ళు కడతారు, కొన్ని సేవలకి తప్ప రిజిస్టర్ కాని వాళ్ళని కూడా పెట్టుకోవచ్చు, అంటే తెలుగొచ్చిన సపోర్ట్ వర్కర్ సొంతంగా ఏబీఎన్ (వ్యాపారానికిచ్చే నంబర్) పెట్టుకుని పనిచేస్తుంటే ఆవిడని పిలుచుకోవచ్చన్నమాట, నాకు ఈ ఒక్కటి చాలు అనిపించింది. ఎన్‌డీఐఎస్ పెట్టిన గరిష్ఠ రేటు మాత్రం దాటకూడదు.

ఫీజు గురించి చాలామంది ఆగిపోతారు. అది పిల్లాడి థెరపీ డబ్బుల్లోంచి పోదండి, ప్లాన్‌లో దానికి విడిగా డబ్బు వేస్తారు, అందుకే ప్లానింగ్ మీటింగ్‌లోనే ప్లాన్ మేనేజ్డ్ కావాలని అడిగేయండి. ఇంగ్లీష్‌లో మాట్లాడ్డం ఇబ్బందైతే 131 450 కి ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలనండి, ఎన్‌డీఐఎస్ వాళ్ళకి కలుపుతారు.

మేనేజర్‌ని ఎంచుకునేటప్పుడు రిజిస్టర్ అయి ఉన్నారా, బిల్లు ఎన్ని రోజుల్లో కడతారు అని అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, కట్టే ముందు నా అప్రూవల్ తీసుకుంటారా అని. థెరపీ ఇచ్చే కంపెనీయే ప్లాన్ మేనేజ్‌మెంట్ కూడా మేమే చేస్తాం అంటే నేనైతే ఒప్పుకోను, బిల్లు రాసేదీ కట్టేదీ ఒకళ్ళే అయితే ఇంక చూసేదెవరు? ఇంకోటి, ప్లాన్ మేనేజర్ వేరు, సపోర్ట్ కోఆర్డినేటర్ వేరు, థెరపిస్టుని వెతికిపెట్టమని మేనేజర్‌ని అడిగితే అది వాళ్ళ పని కాదంటారు.

ఇప్పుడు అసలు సంగతి. ఓసారి మేం ఊళ్ళోనే లేని వారానికి కూడా సపోర్ట్ వర్కర్ వచ్చినట్టు బిల్లు వచ్చింది, పేరూ, ఏబీఎన్నూ, రేటూ అన్నీ కరెక్టుగానే ఉన్నాయి కాబట్టి మేనేజర్ కట్టేశారు, వాళ్ళ తప్పేముంది, మనిషి ఇంటికి వచ్చాడో లేదో వాళ్ళకెలా తెలుస్తుంది, అది తెలిసేది మనకే కదా. డబ్బు వెనక్కి రావడానికి ఎన్ని ఈమెయిళ్ళు రాశానో. అప్పట్నుంచి ఎవరు ఏరోజు ఎన్ని గంటలు వచ్చారో ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నా, ఇన్‌వాయిస్ రాగానే తేదీలు, గంటలు, రేటు పోల్చుకుంటా. ప్రయాణం చార్జీ, రిపోర్ట్ రాసిన టైమ్, క్యాన్సలేషన్ అని కూడా వేస్తుంటారు, వీటికి సర్వీస్ అగ్రిమెంట్‌లో ఒప్పుకున్నామో లేదో చూడాలి, సంతకం పెట్టే ముందే చదివితే ఇంకా మంచిది.

2025 మే నుంచి కొత్తగా వచ్చే ప్లాన్లలో డబ్బు ఒక్కసారే ఇవ్వట్లేదు, ఎక్కువగా మూడు నెలలకోసారి వదులుతున్నారు. మిగిలింది అదే ప్లాన్‌లో తర్వాతి విడతకి కలుస్తుంది, రాబోయే విడత డబ్బు మాత్రం ఇప్పుడే వాడుకోలేం. కాబట్టి వారానికి లెక్క వేసుకోండి, మూడు నెలలకి 2,600 డాలర్లు ఉంటే 13 వారాలకి వారానికి 200. మేనేజర్ పంపే నెలవారీ స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని ఇది చూస్తే పది నిమిషాల పని.

దేనికి వాడొచ్చు దేనికి వాడకూడదు అన్న లిస్టులు 2024 అక్టోబర్ 3 నుంచి అమల్లో ఉన్నాయి. అద్దె, కిరాణా లాంటి మామూలు ఇంటి ఖర్చులు కుదరవు. అనుమానం ఉంటే కొనక ముందే మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టండి, ఫోన్లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మేనేజర్ నచ్చకపోతే మార్చుకోవచ్చు. అగ్రిమెంట్‌లో ఎన్ని రోజుల నోటీసు అని ఉందో చూసి రాతపూర్వకంగా చెప్పి, పాత బిల్లులన్నీ క్లియర్ చేయించుకుని, కొత్తవాళ్ళ ఈమెయిల్ ప్రొవైడర్లందరికీ పంపండి, లేకపోతే ఇన్‌వాయిస్‌లు పాతవాళ్ళకే పోతూ ఉంటాయి.