వోగింగ్ నేర్చుకోదలచినవారికి

మోడళ్ల భంగిమలతో సాగే వోగింగ్ అనే నృత్యం నేర్చుకోదలచినవారు అద్దం ముందు నిలబడేలోపే అది ఎవరిదో తెలుసుకోవాలి. 1990లో మడోనా పాడిన 'వోగ్' పాటతోనే అది పుట్టిందని చాలామంది అనుకుంటారు గానీ, ఆ పాటకు నృత్యం కూర్చిన హోసే గుటియరెజ్, లూయిస్ కమాచో ఇద్దరూ న్యూయార్క్‌లో బాల్‌రూమ్ అని పిలిచే పోటీల సంస్కృతిలోని హౌస్ ఆఫ్ ఎక్స్‌ట్రావగాంజా అనే బృందానికి చెందినవారు.

న్యూయార్క్‌లోని హార్లెమ్ ప్రాంతంలో పురుషులు స్త్రీవేషంతో పోటీపడే బాల్‌లు అనే వేడుకలు 19వ శతాబ్దం నుంచే ఉన్నాయి. 1967లో ఒక అందాల పోటీలో నల్లజాతివారికి అన్యాయం జరిగిందని క్రిస్టల్ లబీజా అందరి ఎదుటే నిలదీశారు. కొన్నేళ్లకు ఆమె పేరిట హౌస్ ఆఫ్ లబీజా వెలసింది. కన్నవారు గెంటేసిన నల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) గే యువకులను, ట్రాన్స్ మహిళలను అక్కున చేర్చుకుని, మదర్, ఫాదర్ అని పిలిపించుకునే పెద్దలు నడిపే కుటుంబాలే ఈ హౌస్‌లు. వోగ్ అనే ఫ్యాషన్ పత్రికలోని మోడళ్ల భంగిమలను తాళానికి తగ్గట్టు ఒకదాని వెంట ఒకటి పట్టడం పారిస్ డుప్రీ మొదలుపెట్టారని చెప్పుకుంటారు. 1982లో హౌస్ ఆఫ్ నింజాను స్థాపించిన విల్లీ నింజా ఆ కళను విదేశాలకు కూడా తీసుకెళ్లారు.

సాధనను ఓల్డ్ వే అనే పాత శైలితో ప్రారంభించడం మేలని నా అభిప్రాయం. చేతులు, మోచేతులు సరళరేఖల్లో, కోణాల్లో కదలాలి; తాళం పడిన క్షణాన భంగిమ కదలకుండా నిలవాలి. ఆ నిలకడ రానిదే భుజాలను మెలితిప్పే న్యూ వే అనే కొత్త శైలి జోలికి పోకూడదు.

వోగ్ ఫెమ్ అనే మరో శైలిలో చేతుల ఆట, క్యాట్‌వాక్, డక్‌వాక్, స్పిన్ మరియు డిప్, నేలపై చేసే ప్రదర్శన అని ఐదు అంశాలుంటాయి. డక్‌వాక్‌లో మడమలపై దాదాపు కూర్చుని, వీపు నిటారుగా ఉంచి, మునివేళ్ల మీద ఎగురుతూ, తాళానికొక పాదాన్ని ముందుకు విసరాలి; మోకాళ్లకు ప్యాడ్‌లు లేకుండా దీనిని అభ్యసించడం ప్రమాదకరం. డిప్ చూసేవారికి ఒక్కసారిగా వెనక్కి పడిపోయినట్లు కనిపిస్తుంది, కానీ అందులో పడిపోవడం అనేదే ఉండకూడదు: ఒక కాలు మడిచి దానిపై బరువు ఆన్చి, పిరుదులు మడమ దగ్గరికి వచ్చేవరకు దిగి, అరచేతిని నేలకు ఆనించిన తరువాతే వీపును వాల్చాలి. గడ్డాన్ని ఛాతీ వైపు ఉంచితే తల నేలకు తగలదు. మొదట మెత్తటి చాపపై, గొంతుక్కూర్చున్న స్థితి నుంచి నెమ్మదిగా చేసి, ఆ తరువాతే నిలబడి ప్రయత్నించాలి. ఈ నృత్యానికి వాడే, 1991లో వచ్చిన 'ది హా డాన్స్' అనే సంగీతంలో ప్రతి నాలుగో తాళానికి పెద్ద చప్పుడు వినిపిస్తుంది. డిప్ సరిగ్గా దానిమీద పడాలి.

వీడియోలు చూసి కదలికలను పట్టుకోవచ్చు గానీ, బాల్‌లలో పాల్గొనేవారి దగ్గర నేర్చుకోవడమే న్యాయం. బరిలోకి దిగే ముందు కొన్ని బాల్‌లకు ప్రేక్షకులుగా వెళ్లి, వ్యాఖ్యాత పాడే మాటలకు ఆటగాళ్లు ఎలా స్పందిస్తున్నారో గమనించండి. న్యాయనిర్ణేతలందరూ పది మార్కులు చూపితేనే తరువాతి దశ ఉంటుంది, లేకపోతే చాప్, అంటే పోటీ నుంచి తొలగింపు. ఏ కేటగిరీకి ఏ దుస్తులు, ఏ రంగు అన్నది ఆహ్వానంలోనే రాసి ఉంటుంది; దానిని పాటించనివారిని ఆట మొదలుకాకముందే చాప్ చేయవచ్చు కనుక, సాధనతోపాటే దుస్తులనూ ముందుగా సిద్ధం చేసుకోండి.