స్కానర్ తిరుగుతోంది, మాట వినపడట్లేదు: నాకు పనిచేసిన పద్ధతి

కొత్త రేడియో స్కానర్ (ఫ్రీక్వెన్సీలను ఒక్కొక్కటిగా వెతికి, సిగ్నల్ దొరికిన చోట ఆగే రేడియో) అంకెలు తిప్పుతూనే ఉండేది. ఎక్కడైనా ఆగినా బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు. యాంటెనా మార్చడం, రీసెట్ చేయడం, దొరికిన పాత ఫ్రీక్వెన్సీల జాబితా ఎక్కించడం, ఏదీ ఫలించలేదు.

చివరికి మిగతావన్నీ ఆపేసి విమానాల బ్యాండ్ ఒక్కటే ఉంచాను: 118 నుంచి 137 మెగాహెర్ట్జ్. మోడ్ ఏఎమ్‌కి మార్చాను. అసలు కిటుకు ఇక్కడే ఉంది. చుట్టుపక్కల బ్యాండ్లలో ఎఫ్ఎమ్ ఎక్కువ గానీ, విమానాల మాటలు ఇప్పటికీ ఏఎమ్‌లోనే. స్టెప్, అంటే ఒక ఫ్రీక్వెన్సీ నుంచి తర్వాతి దానికి ఎంత జరగాలో, 25 కిలోహెర్ట్జ్ (యూరప్‌లో అయితే 8.33). స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు బుస్సు శబ్దాన్ని ఆపే నాబ్) పూర్తిగా తెరిచి, బుస్సు ఆగేదాకా మెల్లగా తిప్పి అక్కడే వదిలేశాను. ఇంకా బిగిస్తే బలహీనమైన సిగ్నళ్లు పోతాయి.

ఆ తర్వాత కూడా స్కాన్ నొక్కలేదు. దగ్గరి విమానాశ్రయం ఏటిస్ (పైలట్ల కోసం ఆగకుండా వచ్చే రికార్డు ప్రసారం) ఫ్రీక్వెన్సీ చూసి నేరుగా కొట్టాను. వాతావరణం, రన్‌వే వివరాలు ఆగకుండా వస్తూనే ఉంటాయి కాబట్టి సెట్టింగులు సరిగ్గా ఉన్నాయో లేదో వెంటనే తేలిపోతుంది. అది వినపడ్డాకే టవర్ (రన్‌వేను చూసుకునే కంట్రోలర్లు), అప్రోచ్ (దిగడానికి వచ్చే విమానాలను నడిపించే కంట్రోలర్లు) ఫ్రీక్వెన్సీలు ఎక్కించాను.

అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పలేను. ఏటిస్ చాలావరకు నేల మీంచి వస్తుంది, దూరమైనా కొండలు అడ్డొచ్చినా అందకపోవచ్చు. పైన ఎగిరే విమానాలు మాత్రం వినపడొచ్చు. పోలీసు రేడియోలు చాలాచోట్ల డిజిటల్, పైగా ఎన్‌క్రిప్షన్; వాటికి ఇది పనికిరాదు. వినడానికి అనుమతి ఉందో లేదో కూడా దేశాన్ని బట్టి మారుతుంది, ముందు అది చూసుకోండి.