హార్బర్ మూసుకుపోతే క్రూయిజ్ ప్రయాణం, ఓడలో వేసిన సామాను ఏమవుతాయి? ఏం చేయాలి?

2024 మార్చి 26. అర్ధరాత్రి దాటి ఒకటిన్నర కావస్తోంది. డాలీ అనే కంటైనర్ ఓడ అమెరికాలోని బాల్టిమోర్ నుంచి కొలంబోకు బయల్దేరిన కాసేపటికే ఓడలో కరెంటు పోయింది. అదుపు తప్పిన ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని ఢీకొట్టింది. క్షణాల్లో వంతెన నీళ్లలో పడిపోయింది. ఓడ నుంచి వెళ్లిన హెచ్చరికతో పోలీసులు వాహనాలను ఆపగలిగారు గానీ, వంతెన మీద గుంతలు పూడుస్తున్న పనివాళ్లలో ఆరుగురు చనిపోయారు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది భారతీయులు. వాళ్లు వారాల తరబడి ఆ ఓడ మీదే ఉండిపోయారు.

ఆరు ప్రాణాల ముందు క్రూయిజ్ టికెట్ ఏపాటిది? అయినా ఆ పొద్దున చాలా ఇళ్లలో టెన్షన్ దాని గురించే. పిల్లల సెలవులకు ఓడ బుక్ చేసుకున్నవాళ్లు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను బహమాస్ తిప్పుదామనుకున్నవాళ్లు, తిరిగి ఇండియా వెళ్లిపోతూ ఇంటి సామాను కంటైనర్‌లో వేసినవాళ్లు, అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. అలాంటప్పుడు ఏ పని ముందు చేయాలో, ఏది తొందరపడి చేయకూడదో బాల్టిమోర్ అనుభవంతో చెబుతాను.

1. ఓడ ఎటు పక్క ఉందో తెలుసుకోండి

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. వంతెనకు లోపలి వైపా, సముద్రం వైపా?

విశాఖ తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి సన్నటి కాలువ గుండానే ఓడలు ఇన్నర్ హార్బర్‌లోకి వెళ్తాయి. ఆ కాలువకు ఏదైనా అడ్డం పడితే లోపలున్నది బయటికి రాదు, బయటున్నది లోపలికి పోదు. బాల్టిమోర్‌లో జరిగింది అదే. క్రూయిజ్ టెర్మినల్ సౌత్ లోకస్ట్ పాయింట్‌లో, వంతెనకు లోపలి వైపు ఉంది. వంతెన పడినప్పుడు లోపలున్న సరుకు ఓడలు కొన్ని అక్కడే చిక్కుకుపోయాయి. కార్నివాల్ లెజెండ్, విజన్ ఆఫ్ ద సీస్ అనే రెండు క్రూయిజ్ ఓడలు మాత్రం అప్పటికి ప్రయాణంలో ఉన్నాయి కాబట్టి బయట మిగిలాయి. ఓడ బయట ఉంటే ట్రిప్పు బతికే అవకాశం ఎక్కువ, ఎక్కే ఊరు మాత్రం మారుతుంది. లోపల ఉంటే ఆ ట్రిప్పు మీద ఆశ పెట్టుకోకండి.

ఇంకో సంగతి. బాల్టిమోర్ పోర్టు అప్పట్లో కార్ల రవాణాలో అమెరికాలోనే ముందుండేది, 2023లో 8,47,158 కార్లు, చిన్న ట్రక్కులు దాని గుండా వెళ్లాయి. వంతెన పడగానే కార్లన్నీ ఆగిపోయాయని చాలామంది అనుకున్నారు. కానీ స్పారోస్ పాయింట్ దగ్గరున్న రేవు సముద్రం వైపు ఉంది, బీఎండబ్ల్యూ, ఫోక్స్‌వాగన్ కార్లు దిగే చోటు అదే. అక్కడ పని ఆగలేదు. ‘పోర్టు మూసేశారు’ అన్న వార్త చూసి ఊరుకోకుండా మీ టెర్మినల్ పేరు పట్టుకుని మ్యాపులో చూడండి. రెండు నిమిషాల పని.

2. మీ అంతట మీరు క్యాన్సిల్ చేయకండి

భయంతో మొదటి గంటలోనే టికెట్ రద్దు చేసుకుంటే అది మీ నిర్ణయం కిందికి వస్తుంది. ప్రయాణం దగ్గర పడే కొద్దీ కోత పెరుగుతుంది, ఆఖరి వారాల్లో ఒక్క డాలరూ వెనక్కి రాకపోవచ్చు. అదే కంపెనీ రద్దు చేస్తే కట్టిన డబ్బు మొత్తం వస్తుంది. అందుకే కంపెనీ నోరు విప్పేదాకా ఆగండి. మామూలుగా దానికి రెండు మూడు రోజుల కంటే ఎక్కువ పట్టదు.

బాల్టిమోర్ విషయంలో కార్నివాల్ లెజెండ్‌ను వర్జీనియాలోని నార్ఫోక్‌కు మళ్లించారు. మార్చి 31న అక్కడ దిగినవాళ్లను ఉచితంగా బస్సుల్లో బాల్టిమోర్ చేర్చారు, తర్వాతి వారం ట్రిప్పు నార్ఫోక్ నుంచే నడిపారు. విజన్ ఆఫ్ ద సీస్ కూడా ఏప్రిల్ మొదట్లో నార్ఫోక్‌లోనే ఆగింది.

మరి ఎన్నాళ్లు? ఓడల దారి ఒకేసారి తెరుచుకోదు. మొదట చిన్న పడవలకు లోతు తక్కువ దారి, ఏప్రిల్ నెలాఖరుకు 35 అడుగుల లోతు దారి, మే 20న డాలీని అక్కడినుంచి కదిలించడం, జూన్ 10న 700 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతుతో పూర్తి దారి. క్రూయిజ్ ఓడలు మే నెలాఖరుకు మళ్లీ వచ్చాయి. ఇంత పెద్ద ప్రమాదమైతే రెండు నెలల లోపు ట్రిప్పులన్నీ వేరే ఊరి నుంచే అని లెక్క వేసుకోండి. ముందే తెరిస్తే సంతోషం.

సమాచారం కోసం కంపెనీ యాప్, ఈమెయిల్, పోర్టు అధికారుల పేజీ, కోస్ట్ గార్డ్ ప్రకటనలు చాలు. వాట్సాప్ గ్రూపులో ‘మా కజిన్‌కి ఫుల్ రీఫండ్ ఇచ్చారట’ అని వచ్చేవాటిని పట్టించుకోకండి. ఆ కజిన్ టికెట్ వేరు, మీ టికెట్ వేరు.

3. డబ్బు సంగతి: మూడు కాగితాలు ముందేసుకోండి

ఒకటి, టికెట్ కాంట్రాక్టు. ఎవరూ చదవని ఆ పేజీల్లో ఎక్కే రేవును, ఆగే దీవులను మార్చే హక్కు కంపెనీకి ఉంటుందని దాదాపు ఎప్పుడూ రాసి ఉంటుంది. కాబట్టి బాల్టిమోర్ బదులు నార్ఫోక్ అన్నంత మాత్రాన రీఫండ్ హక్కుగా రాదు. అయితే అమెరికా రేవు నుంచి ఎక్కే ట్రిప్పును రద్దు చేసినా, బయల్దేరడం 3 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యమై మీరు వద్దనుకున్నా, డబ్బు అడిగే హక్కు అమెరికాలో ఓడ రవాణాను నియంత్రించే ఫెడరల్ మారిటైమ్ కమిషన్ నిబంధనల్లో ఉంది. కస్టమర్ కేర్‌లో ఈ ముక్క గుర్తుచేయండి, మాట తీరు మారుతుంది.

రెండోది ట్రావెల్ ఇన్సూరెన్స్. ప్రమాదం వార్తల్లోకి వచ్చాక కొన్న పాలసీ ఆ ప్రమాదానికి పనికిరాదు, అందరికీ తెలిసిన సంఘటన అని పక్కన పెట్టేస్తారు. ముందే కొన్నదైనా ‘రేవు మారింది’ అనే కారణం చాలా పాలసీల్లో ఉండదు. ఏ కారణానికైనా రద్దు చేసుకునే రకం పాలసీ అయితే మామూలుగా 50 నుంచి 75 శాతం వరకు వస్తుంది. దాన్ని మొదటి అడ్వాన్సు కట్టిన రెండు మూడు వారాల్లోనే కొనాలి. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు నేనైతే ఇదే కొంటాను, ఖరీదైనా సరే.

మూడోది, టికెట్ కొన్న క్రెడిట్ కార్డు వాళ్ల ప్రయాణ సదుపాయాల చిట్టా. కొన్ని కార్డులు ఆలస్యమైనప్పుడు హోటల్, భోజనం ఖర్చు ఇస్తాయి. ప్రతి రసీదూ ఫోటో తీసి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి.

4. పాస్‌పోర్టులు, వీసాలు మళ్లీ చూడండి

మన ఇళ్లలో అసలు చిక్కు ఇక్కడ వస్తుంది. ఒకే కుటుంబంలో పిల్లలు అమెరికా పౌరులు, భార్యాభర్తల్లో ఒకరిది హెచ్1బీ ఉద్యోగ వీసా, ఇంకొకరిది దాని మీద వచ్చే హెచ్4, తాతయ్య అమ్మమ్మలు విజిటర్ వీసా. రేవు మారితే ఆగే దీవులూ మారవచ్చు, బెర్ముడా బదులు బహమాస్ అనవచ్చు. ప్రతి దీవికీ దాని నియమాలు దానివి. కొత్త రూట్ రాగానే, ఇండియన్ పాస్‌పోర్టుతో ఉన్న ప్రతి ఒక్కరికీ విడివిడిగా చూసుకోండి.

పాస్‌పోర్టులో హెచ్1బీ వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్లు ‘30 రోజుల లోపు అమెరికాకు తిరిగి వస్తే పర్లేదు’ అన్న మాట విని ఉంటారు. హెచ్1బీ వాళ్లకు అది కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది, కరీబియన్ దీవులకు కాదు. అమ్మానాన్నల వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా అన్నది కూడా చూడండి. గ్రీన్ కార్డు ఉంటే అసలు కార్డు వెంట ఉండాలి, ఫోన్లో ఫోటో చాలదు.

మధ్యలో వేరే అమెరికా రేవులో దిగిపోయి కారులో ఇంటికి వచ్చేద్దామనే ఐడియా చాలామందికి వస్తుంది. విదేశీ జెండా ఉన్న ఓడలు ఒక అమెరికా రేవులో ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవులో దించడంపై 1886 నాటి చట్టం ఆంక్షలు పెట్టింది, పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. కంపెనీని అడగకుండా అలా ప్లాన్ చేసుకోకండి.

5. కొత్త రేవుకు చేరే దారి

బాల్టిమోర్ నుంచి నార్ఫోక్ దాదాపు 240 మైళ్లు. నాలుగు గంటలు అని మ్యాపు చెబుతుంది, శని ఆదివారాల్లో ఆ మాట నమ్మకండి. హాంప్టన్ రోడ్స్ దగ్గర సొరంగం ముందు వాహనాలు బారులు తీరుతాయి. ఓడ బయల్దేరే టైముకు గంట, గంటన్నర ముందే చెక్-ఇన్ మూసేస్తారు. అందుకని ముందు రోజే వెళ్లి పడుకోవడం మేలు. రైలు కూడా ఉంది, బాల్టిమోర్ పెన్ స్టేషన్ మీదుగా నార్ఫోక్ దాకా ఆమ్‌ట్రాక్ నడుస్తుంది.

పాత రేవులో కట్టిన పార్కింగ్ వెనక్కి అడగండి, కొత్త చోట వెంటనే బుక్ చేయండి. కంపెనీ బస్సు ఇస్తానంటే పోనూ రానూనా, రావడానికి మాత్రమేనా అని అడిగి రాతలో తీసుకోండి. అప్పటికే ఓడలో ఉన్నవాళ్లయితే తిరుగు విమానం టికెట్ మార్చుకోవడమే మొదటి పని. బస్సు బాల్టిమోర్ చేరేసరికి మధ్యాహ్నం దాటిపోవచ్చు.

పెద్దవాళ్ల బీపీ, షుగర్ మందులు ట్రిప్పు రోజుల కంటే వారం ఎక్కువ పెట్టండి. చేతి సంచిలోనే.

6. ఇంటి సామాను ఓడలో ఉంటే

క్రూయిజ్ పోతే ఒక సెలవు పోతుంది. కంటైనర్ చిక్కుకుంటే ఇంటిల్లిపాది వస్తువులూ చిక్కుకున్నట్టే. డాలీ కొలంబో వెళ్తోంది, చెన్నై, విశాఖలకు వచ్చే సామాను చాలాసార్లు ఓడ మారేది కొలంబోలోనే. కాబట్టి ఇది మనకు దూరపు కథ కాదు.

ముందు బిల్ ఆఫ్ లేడింగ్ (సామాను తీసుకున్నట్టు షిప్పింగ్ కంపెనీ ఇచ్చే కాగితం) తీసి కంటైనర్ నంబరు చూడండి, నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. ఆ నంబరుతో షిప్పింగ్ కంపెనీ సైట్‌లో వెతికితే అది గోదాములో ఉందా, రేవులో ఉందా, ఓడ ఎక్కిందా తెలుస్తుంది. ప్యాకర్స్ వాళ్లు ‘వెళ్లిపోయింది సార్’ అంటే అది వాళ్ల గోదాము నుంచి వెళ్లడం కావచ్చు. ఇంకా ఓడ ఎక్కకపోతే వేరే రేవు నుంచి పంపమని అడగండి, లారీ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. కీ వంతెన కూలాక కొన్ని షిప్పింగ్ కంపెనీలు బాల్టిమోర్ సరుకును వేరే రేవుల్లో దించి, అక్కడితో తమ బాధ్యత అయిపోయిందన్నాయి.

సామాను ప్రమాదానికి గురైన ఓడలోనే ఉంటే ‘జనరల్ యావరేజ్’ అనే మాట వినాల్సి వస్తుంది. సముద్ర వ్యాపారంలో చాలా పాత పద్ధతి ఇది. ఓడనూ సరుకునూ కాపాడటానికి అయిన అసాధారణ ఖర్చును ఓడ యజమానితో పాటు సరుకు యజమానులందరూ ఎవరి ఆస్తి విలువను బట్టి వాళ్లు పంచుకోవాలి. డాలీ యజమానులు 2024 ఏప్రిల్‌లోనే దీన్ని ప్రకటించారు. మీ మంచం, మిక్సీ చెక్కుచెదరకపోయినా సరే వాటా కట్టాలి. బాండ్, గ్యారంటీ ఇవ్వనిదే సామాను వదలరు. మెరైన్ ఇన్సూరెన్స్ ఉంటే ఆ గ్యారంటీ ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది. లేకపోతే డిపాజిట్ మీ జేబులోంచే.

తప్పు ఎవరిదో తేలాక చూద్దామని ఆగితే పని జరగదు. ఒక వైరుకు తొడిగిన లేబుల్ వల్ల అది సరిగ్గా బిగుసుకోక వదులై కరెంటు పోయిందని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది 2025 నవంబరులో. అప్పటికి ఇరవై నెలలు.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు జనరల్ యావరేజ్ ఉందా అని ఆ పేరుతోనే అడగండి. మామూలుగా ఉంటుంది, కానీ ‘రవాణాలో పగిలితే’ వరకే ఇచ్చే చవక రకాలు కూడా అమ్ముతారు. ఇండియాలో ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ (విదేశం నుంచి మకాం మార్చి వచ్చేవాళ్లకు ఇచ్చే కస్టమ్స్ రాయితీ) కింద సామాను తెచ్చుకునేవాళ్లకు గడువులు ఉంటాయి కాబట్టి, ఆలస్యానికి కారణం చెబుతూ షిప్పింగ్ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకోండి. కస్టమ్స్ దగ్గర నోటి మాట కంటే అది నయం.

7. క్రూయిజ్ మళ్లీ బాల్టిమోర్ నుంచే అయితే

ఓడల దారి తెరుచుకుంది గానీ వంతెన ఇంకా లేదు. కొత్తది 2030 నాటికి పూర్తవుతుందని, ఖర్చు 430 నుంచి 520 కోట్ల డాలర్ల దాకా కావచ్చని 2025 నవంబరులో మేరీలాండ్ అధికారులు చెప్పారు. అప్పటిదాకా హార్బర్ దాటే వాహనాలన్నీ ఫోర్ట్ మెక్‌హెన్రీ, బాల్టిమోర్ హార్బర్ సొరంగాల మీదే పడతాయి. టెర్మినల్ ఐ-95 హైవే పక్కనే కాబట్టి ఓడ ఎక్కే రోజు ఆ రద్దీ మీకూ తగులుతుంది, అదనంగా ఒక గంట పెట్టుకోండి. క్యాంపింగ్ వ్యాన్‌లో ప్రొపేన్ సిలిండర్ పెట్టుకుని వచ్చేవాళ్లకు సొరంగాల్లో ఆంక్షలు ఉన్నాయి. అలాంటి బండి అయితే ఊరికి పడమటి వైపునుంచి ఐ-695 రింగ్ రోడ్డు మీద చుట్టూ తిరిగి రావాలి.