బయాప్సీ ముక్క జీన్ టెస్టులకి సరిపోవాలంటే ముందే ఏం అడగాలి

బయాప్సీ అనగానే అది క్యాన్సరా కాదా తేలితే చాలనుకుంటాం, కానీ ఇప్పుడు అదే చిన్న ముక్క మీద ఏ మందు పనిచేస్తుందో కూడా చూస్తున్నారు, ఊపిరితిత్తులైతే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, పీడీ-ఎల్1, రొమ్ముకైతే ఈఆర్, పీఆర్, హర్2, పెద్దపేగుకైతే కేరాస్, బీరాఫ్ ఇలా (ఇవన్నీ గడ్డలో వెతికే జీన్లు, ప్రొటీన్ల పేర్లు). ముక్క చాలకపోతే మళ్ళీ సూది, మళ్ళీ వెయిటింగ్.

అందుకే డేట్ ఇచ్చినప్పుడే డాక్టర్ని అడిగేయండి, "సార్, మాలిక్యులర్ టెస్టులకి (అంటే ఈ జీన్ టెస్టులకి) కూడా సరిపడా తీస్తారా?" అని. సన్న సూదితో లాగే ఎఫ్ఎన్ఏసీలో విడి కణాలే వస్తాయి, కోర్ బయాప్సీలో దారపు పోగు లాంటి ముక్కలు వస్తాయి కాబట్టి కుదిరితే కోర్, అదీ రెండు మూడు ముక్కలు తీస్తే నయం. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

తీశాక అసలు కథ ఫార్మలిన్‌ది, అంటే ముక్క కుళ్ళకుండా ఉంచే ద్రవానిది. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వెంటనే పడాలి, రొమ్ము ముక్కకైతే రూల్ ఏంటంటే గంటలోపు వెయ్యాలి, అందులో 6 నుంచి 72 గంటల మధ్యే ఉంచాలి, తక్కువైనా ఎక్కువైనా రిజల్ట్ తేడా కొడుతుంది. డబ్బా మీ చేతికిచ్చి ల్యాబ్‌లో ఇవ్వమంటే పేరు, ఏ భాగం, ఎన్నింటికి వేశారు అన్నీ రాసున్నాయా చూసుకోండి, ముక్క మునిగి ఉండాలి, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) అనుమానమైతే కొంత ముక్క ఫార్మలిన్ లేకుండా ఫ్రెష్‌గా పంపాల్సి రావచ్చు, అదీ ముందే అడగాలి. ఎముక ముక్కైతే ఇంకో తిప్పలు, దాన్ని మెత్తబరచడానికి యాసిడ్ వాడితే డీఎన్ఏ పాడవుతుంది, డీఎన్ఏని అంతగా పాడుచెయ్యని ఈడీటీఏ అనే రసాయనం వాడతారా అని అడగండి (ఇది చాలామందికి తెలీదు).

తర్వాత ముక్కని మైనంలో పెట్టి బ్లాక్ చేస్తారు, అందులోంచి 4, 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) పొరలు కోసి గాజు స్లైడ్ల మీద పెడతారు. బ్లాక్‌ని మెషీన్‌కి ఎక్కించిన ప్రతిసారీ సాపు చెయ్యడానికే కొంత పోతుంది, అందుకని కావాల్సిన స్లైడ్లన్నీ ఒకేసారి కోయమనండి. బ్లాక్‌ని వేరే ల్యాబ్‌కి పంపితే రసీదు తీసుకుని, పని అయ్యాక వెనక్కి అడగండి, చాలామంది రిపోర్ట్ దాచుకుని బ్లాక్ సంగతే వదిలేస్తారు.

మందు కొన్నాళ్ళు పనిచేసి ఆగిపోతే పాత బ్లాక్ సరిపోకపోవచ్చు, ఈలోపు గడ్డే మారిపోయి ఉండొచ్చు, కొత్త బయాప్సీ అవసరమా అని అడగండి. సూది గుచ్చలేని చోటైతే రక్తంలో గడ్డ డీఎన్ఏని వెతికే లిక్విడ్ బయాప్సీ ఉంది, కాకపోతే అందులో మ్యుటేషన్ (జీన్‌లో మార్పు) కనబడలేదంటే లేదని కాదు, రక్తంలోకి సరిపడా డీఎన్ఏ రాకపోయుండొచ్చు, అప్పుడు వీలుంటే ముక్క మీదే చూడాలి.